పాస్‌వర్డు కూడా సంతకమే: సంఘ సభ్యులు తెలుసుకోవలసిన సంగతులు

పాల సంఘం తనిఖీకి వెళ్ళినప్పుడు నేను మొదట చూసేది రొక్కం. చిట్టాలో చూపిన నిల్వ పెట్టెలో ఉన్నదా లేదా లెక్కపెట్టి, ఆ తరువాత సేకరణ రిజిస్టరు, స్థానిక అమ్మకాలు, దాణా స్టాకు, చివరకు మినిట్సు పుస్తకం చూస్తాను. కొన్నేళ్ళుగా వీటితోపాటు ఇంకొకటి చూడవలసి వస్తున్నది. అది కంప్యూటరు మానిటరు అంచు. అక్కడ ఒక కాగితం ముక్క అంటించి ఉంటుంది. దాని మీద సంఘం పాస్‌వర్డు రాసి ఉంటుంది. చాలాచోట్ల అది ఊరి పేరు, పక్కన 123.

ఇదేమిటని అడిగితే కార్యదర్శి నవ్వి, "అందరం మనవాళ్ళమే కదండీ, దాచేదేముంది?" అంటారు. రొక్కం పెట్టె తాళంచెవి కూడా అలాగే గోడకు మేకు కొట్టి తగిలిస్తారా అని అడిగితే మాత్రం ఆ నవ్వు ఆగిపోతుంది.

ఒక సంఘంలో జరిగిన సంగతి చెబుతాను. ఊరి పేరు అక్కరలేదు. అక్కడ సభ్యురాలు ఒకామెకు రెండు గేదెలు ఉన్నాయి. రెండు పూటలా కలిపి ఆరేడు లీటర్లు పోస్తుంది. యంత్రం ఇచ్చే చీటీలను పారేయకుండా బియ్యం డబ్బాలో దాచుకోవడం ఆమె అలవాటు. ఒక పక్షం బిల్లు చేతికి వచ్చినప్పుడు చీటీల మొత్తానికీ, బిల్లుకూ మూడు వందల నలభై రూపాయల తేడా కనబడింది. చీటీలలో వెన్న 7.2, 7.4 అని ఉండగా, కంప్యూటరు లెక్కలో పదకొండు పూటలకు 6.1, 6.2 అని ఉన్నది. ఆమె ఆ చీటీలను కొంగున కట్టుకుని నేరుగా నా దగ్గరకే వచ్చింది.

చూస్తే ఆ పదకొండు అంకెలనూ ఎవరో రాత్రి పది దాటిన తరువాత మార్చారు. మార్చినది ఎవరు? కంప్యూటరు చెప్పిన పేరు "అడ్మిన్". ఆ పేరుతో లోపలికి వెళ్ళే పాస్‌వర్డు ఎవరెవరికి తెలుసునని విచారిస్తే ఆరుగురు తేలారు: కార్యదర్శి, టెస్టరు, సహాయకుడు, కార్యదర్శిగారి అబ్బాయి, కంప్యూటరు బాగుచేయడానికి వచ్చే మెకానిక్కు, రెండేళ్ళ క్రిందట మానుకున్న పాత కార్యదర్శి. ఆరుగురూ తాము కాదన్నారు. సంఘం ఆమె సొమ్ము ఆమెకు చెల్లించింది. కాని ఊరు ఊరుకోదు గదా. అనుమానం టెస్టరు మీద పడింది. ఆ రాత్రి తాను పాపను తీసుకుని ఆసుపత్రిలో ఉన్నానని అతడు చెప్పాడు. అది నిజమే కావచ్చునని ఇప్పటికీ నా అభిప్రాయం. అయితే కంప్యూటరు దృష్టిలో ఆరుగురి పేరూ ఒకటే అయినప్పుడు, తప్పు చేసినవాణ్ణి పట్టుకోవడం ఎంత కష్టమో, చేయనివాణ్ణి విడిపించడమూ అంతే కష్టం. నాలుగు నెలలలో అతడు పని మానుకుని వెళ్ళిపోయాడు. "బాధ్యత నిర్ణయించుటకు ఆధారము లేదు" అని నివేదికలో రాశాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను రాసిన వాక్యాలలో నాకు నచ్చనిది అదే.

అందువల్ల పాస్‌వర్డు అనేది తాళంచెవి మాత్రమే కాదు, సంతకం కూడా. పక్కవాడి సంతకం మనం పెట్టము. మన సంతకం పక్కవాడిచేత పెట్టించము. కంప్యూటరు విషయం వచ్చేసరికి రెండూ చేస్తున్నాము.

బ్యాంకు ఖాతా సంగతి ఇంకా ముఖ్యం. చెక్కు మీద అధ్యక్షుడు, కార్యదర్శి ఇద్దరూ సంతకం చేయాలనే నియమాన్ని మన పెద్దలు ఊరికే పెట్టలేదు. నెట్ బ్యాంకింగులో కూడా ఆ ఏర్పాటు ఉన్నది. ఒకరు చెల్లింపు తయారుచేస్తారు, రెండవవారు చూసి ఆమోదిస్తారు. కాని కొన్ని సంఘాలలో అధ్యక్షులవారు, "నాకీ కంప్యూటరు గొడవ తెలియదు, నువ్వే చూసుకో" అని తమ పాస్‌వర్డును కార్యదర్శికే అప్పగిస్తున్నారు. అప్పుడు రెండు సంతకాలూ ఒక చేతిలోనే పడతాయి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పాలు పితికే మనిషికి ఇవన్నీ విసుగే, కాదనను. అయితే చెల్లింపు ఎవరికి, ఎంత అని చూసి ఒక మీట నొక్కడానికి కంప్యూటరు చదువు అవసరం లేదు.

పాస్‌వర్డు ఎలా పోతుంది?

పాస్‌వర్డు కొత్తదేమీ కాదు. 1960ల మొదట్లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయంలో ఫెర్నాండో కొర్బాటో అనే శాస్త్రవేత్త బృందం, ఒకే కంప్యూటరును అనేకమంది పంచుకునే ఏర్పాటు చేసింది. ఎవరి కాగితాలు వారివిగా ఉండడానికి ఒక్కొక్కరికి ఒక రహస్యపు మాట ఇచ్చారు. 1962లో ఆలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన కంప్యూటరు సమయం చాలక, అందరి పాస్‌వర్డుల జాబితానూ అచ్చు వేయించుకుని ఇతరుల సమయం కూడా వాడుకున్నాడు. తాళమూ, దొంగతాళమూ దాదాపు ఒకే కాలంలో పుట్టాయన్నమాట.

తరువాతి కాలంలో పాస్‌వర్డును ఉన్నది ఉన్నట్టుగా దాచకూడదని తెలుసుకున్నారు. ఇప్పుడు మంచి వ్యవస్థలు చేసే పని మనకు సులువుగానే అర్థమవుతుంది. పాలను తోడువేసి పెరుగు చేసినట్టుగా, పాస్‌వర్డును మార్చివేసి ఆ పెరుగును మాత్రమే దాచుకుంటాయి. మరునాడు మీరు పాస్‌వర్డు కొట్టినప్పుడు దానిని కూడా అదే విధంగా తోడువేసి, దాచిన పెరుగుతో సరిపోయిందా అని చూస్తాయి. సరిపోతే తలుపు తెరుస్తాయి. దొంగ వచ్చి కుండ ఎత్తుకుపోయినా వాడికి దొరికేది పెరుగే. పెరుగును మళ్ళీ పాలు చేయడం ఎవరి తరమూ కాదు.

అయితే దొంగ ఇంకొక పని చేయగలడు. జనం పెట్టుకునే మాటలన్నీ జాబితా రాసుకుని, ఒక్కొక్కదానినీ తన ఇంట్లో కూర్చుని తోడువేసి, ఎత్తుకువచ్చిన పెరుగుతో పోల్చి చూస్తాడు. వాడి కంప్యూటరు ఈ పనిని సెకనుకు కోట్ల సార్లు చేయగలదు. 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అనే ఇద్దరు నిపుణులు 3,289 పాస్‌వర్డులను పరిశీలించి, వాటిలో 86 శాతం ఇలా తేలికగా దొరికిపోయేవేనని ప్రకటించారు. ఆ తరువాత ముప్పయ్యేళ్ళకు జనం మారారా అంటే, లేదు. 2009లో రాక్‌యూ అనే అమెరికా సంస్థ పెరుగు కాదు గదా, పచ్చిపాలనే దాచి ఉంచగా, 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు బయటపడ్డాయి. వాటిలో సుమారు 2 లక్షల 90 వేలమంది పెట్టుకున్నది 123456.

ఇక్కడ ఇంకొక ప్రమాదం ఉన్నది. ఒకచోట బయటపడిన పేరు, పాస్‌వర్డులను దొంగలు అక్కడితో వదలరు. వాటినే బ్యాంకులలో, ఈమెయిళ్ళలో, దుకాణాలలో వరుసగా కొట్టి చూస్తారు. 2013లో యాహూ సంస్థ నుంచి దొంగిలించబడిన ఖాతాలు 300 కోట్లు అని 2017లో ఆ సంస్థే ఒప్పుకున్నది. ఇంటికి, పశువుల కొట్టానికి, బీరువాకు ఒకే తాళంచెవి వాడేవాడు, కొట్టం తాళంచెవి పోయినా బీరువాను పోగొట్టుకున్నట్టే. ఎక్కడో పాటలు వినడానికి పెట్టుకున్న పాస్‌వర్డునే సంఘం ఖాతాకు కూడా పెడితే జరిగేది ఇదే.

ఎంత పొడుగు, ఏ మాట?

నాలుగు అంకెల పిన్ను తీసుకుందాం. 0000 నుంచి 9999 వరకు మొత్తం 10,000 సంఖ్యలు. యంత్రం మూడు నాలుగు తప్పులకే ఆపివేస్తుంది కాబట్టి, ఊహకు అందని పిన్ను పెట్టుకుంటే నాలుగు అంకెలు కూడా కాపాడతాయి. కాని మనం పెట్టేదేమిటి? పుట్టినరోజు తేదీ, నెల. అటువంటివి 366 మాత్రమే. లేదా పుట్టిన సంవత్సరం. అవి డెబ్బయ్యో ఎనభయ్యో ఉంటాయి. పైగా ఏ.టి.ఎం. కార్డు, పాస్ పుస్తకం, ఆధార్ జిరాక్సు మూడూ ఒకే ప్లాస్టిక్ కవరులో పెట్టి సంచిలో వేసుకుంటాము. ఆ సంచి దొరికినవాడు పిన్ను ఊహించనక్కర లేదు, ఆధార్ మీద చదువుకుంటే చాలు.

ఈ మాట చెప్పే అర్హత నాకు ఉన్నదా అంటే, అదీ చెప్పుకుంటాను. చాలా ఏళ్ళు నా పాస్‌వర్డు నా స్కూటరు నంబరే. ఒకరోజు మా అమ్మాయి సరదాగా ప్రయత్నించి మూడోసారికే తెరిచింది. మొదటి రెండు సార్లు కొట్టినవి తన పేరూ, వాళ్ళమ్మ పేరూ అట!

అక్షరాల పాస్‌వర్డులో పొడుగే బలం. ఇంగ్లీషు చిన్న అక్షరాలు 26. వరుస లేకుండా, అర్థం లేకుండా ఎనిమిది అక్షరాలు పెడితే సుమారు 20,882 కోట్ల విధాలు వస్తాయి. దానికి ఒక్క అక్షరం చేర్చినప్పుడల్లా ఆ సంఖ్య 26 రెట్లు అవుతుంది. కాని అర్థం లేని అక్షరాలు ఎవరికి గుర్తుంటాయి? అందుకు ఒక ఉపాయం ఉన్నది. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు మాటలు తీసుకుని కలిపి రాయాలి. తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాలలో కొట్టవచ్చు. ఉదాహరణకు కొడవలి, రైలు, చింతపండు, గొడుగు. ఈ నాలుగూ ఈ పత్రికలో అచ్చయ్యాయి కాబట్టి దయచేసి వీటినే ఎవరూ పెట్టుకోవద్దు. రెండు వేల మాటలున్న జాబితా నుంచి కళ్ళు మూసుకుని నాలుగు మాటలు తీస్తే 16 లక్షల కోట్ల విధాలు వస్తాయి. అయిదవ మాట చేరిస్తే దానికి రెండు వేల రెట్లు. సంఘం బ్యాంకు ఖాతాకు అయిదు మాటలు పెట్టుకోవడం మంచిది.

కళ్ళు మూసుకుని తీయాలి అన్నది ఊరికే అన్న మాట కాదు. మనసుకు తోచిన మాటలు ఎంచుకుంటే గేదె, పాలు, పెరుగు, వెన్న అని వస్తాయి. పాల సంఘం వాళ్ళు ఏ మాటలు పెడతారో దొంగకూ తెలుసు. పిల్లల నిఘంటువు తెరిచి వేలు పెట్టిన చోట ఉన్న మాట తీసుకోండి. సామెతలు, పాటల పల్లవులు, దేవుళ్ళ పేర్లు పొడుగ్గా ఉన్నా పనికిరావు. దొంగల జాబితాలలో అటువంటివి ముందే ఉంటాయి.

పెద్ద అక్షరం, అంకె, నక్షత్రం గుర్తు కలపాలనీ, మూడు నెలలకొకసారి మార్చాలనీ మనలో చాలామంది వినే ఉంటారు. ఈ సలహాకు మూలమైన పత్రాన్ని 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్.ఐ.ఎస్.టి. తరఫున బిల్ బర్ అనే అధికారి రాశారు. తాను రాసినదానిలో చాలా భాగానికి ఇప్పుడు చింతిస్తున్నానని 2017లో ఆయనే ఒక పత్రికకు చెప్పారు. కారణం సులువు. మూడు నెలలకొకసారి మార్చమంటే జనం చివరి 1ని 2 చేస్తారు, 2ను 3 చేస్తారు. అదే సంవత్సరం ఆ సంస్థ తన నియమాలను సవరించి, పొడుగుకు ప్రాధాన్యం ఇచ్చి, బయటపడిందన్న ఆధారం ఉన్నప్పుడు తప్ప ఊరికే మార్చమని బలవంతపెట్టవద్దని చెప్పింది. 2025లో మళ్ళీ సవరించి, పాస్‌వర్డు ఒక్కటే కాపలాగా ఉన్నచోట కనీసం 15 అక్షరాలు ఉండాలన్నది. అయితే మీ బ్యాంకు అంకె కావాలి, గుర్తు కావాలి అంటే పెట్టక తప్పదు. ఆ నాలుగు మాటల మధ్యన ఎక్కడో పెట్టండి, చివర మాత్రం వద్దు. అందరూ పెట్టేది చివరనే.

కాగితం మీద రాసుకోవచ్చునా అని సభ్యులు అడుగుతుంటారు. రాసుకోకూడదని చాలామంది చెబుతారు. నేను మాత్రం రాసుకోమనే అంటాను. దేశాంతరంలో కూర్చున్న దొంగ మీ ఇంట్లో ట్రంకు పెట్టె తెరవలేడు. గుర్తుండదనే భయంతో 123 పెట్టుకోవడం కంటే, మంచి పాస్‌వర్డు పెట్టి కాగితం మీద రాసి, దస్తావేజులున్న చోట తాళం వేసి దాచుకోవడం మేలు. రాయకూడని చోట్లు మాత్రం ఉన్నాయి. మానిటరు అంచు, కార్డు వెనుక, సెల్‌ఫోను కవరు లోపల, వాట్సాప్. పిన్నుకు ఈ సలహా వర్తించదు. పిన్నును గుర్తు పెట్టుకోవలసిందే.

సంఘానికైతే ఇంకా మంచి పద్ధతి ఉన్నది. సేఫు మారు తాళంచెవిని బ్యాంకులో భద్రపరచే ఆచారం పాతవారికి తెలుసు. అలాగే పాస్‌వర్డును కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, అంటించిన చోట రాసినవారు సంతకం చేసి, రొక్కం పెట్టెలో ఉంచాలి. అధ్యక్షుడిది ఒక కవరు, కార్యదర్శిది ఒక కవరు. కవరు చించవలసి వస్తే ఎందుకు చించారో మినిట్సు పుస్తకంలో రాసి, మరునాడే కొత్త పాస్‌వర్డు పెట్టాలి. టెస్టరుకు, సహాయకుడికి వేరువేరు పేర్లూ, వేరువేరు పాస్‌వర్డులూ ఇవ్వాలి. అంకెలు నమోదుచేసే అధికారం ఉన్నవారికి, నమోదైన అంకెలు మార్చే అధికారం ఉండనవసరం లేదు. మన సేకరణ సాఫ్ట్‌వేరులో ఈ ఏర్పాటు ఉన్నదా లేదా అమ్మినవారిని అడిగి తెలుసుకోండి.

ఫోనులో అడిగేవారు

ఎంత గట్టి పాస్‌వర్డయినా మనమే చెప్పేస్తే ఎవరూ ఏమీ చేయలేరు. బోనసు పంచే రోజులలో, "బాబాయ్, పాల సంఘం ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను, నీ బోనసు ఆగింది, ఇప్పుడొచ్చిన నంబరు చెప్పు, జమ చేస్తాను" అని ఫోను వస్తుంది. ఆ వచ్చిన నంబరు ఓ.టి.పి. అది చెక్కు మీద చేసే సంతకంతో సమానం. డబ్బు మన ఖాతాలోకి రావడానికి ఓ.టి.పి. గాని, యు.పి.ఐ. పిన్ను గాని అక్కరలేదు. డబ్బు పోవడానికే కావాలి. పిన్ను కొట్టమన్నారంటే, గళ్ళ బొమ్మను ఫోనుతో స్కాను చేయమన్నారంటే, అది మన జేబులో నుంచి తీసే పనే. బోనసు కోసం ఎవరూ పిన్ను అడగవలసిన అవసరం లేదు.

వాట్సాప్‌లో పెళ్ళి శుభలేఖ అనో, కిసాన్ పథకం అనో వచ్చే ఎ.పి.కె. ఫైళ్ళను తెరవవద్దు. అవి శుభలేఖలు కావు, ఫోనులోకి దూరి మనకు వచ్చే ఓ.టి.పి.లను దొంగకు పంపే ప్రోగ్రాములు. తెలిసిన మనిషి నుంచి వచ్చినా సరే. ఆ మనిషి ఫోను అప్పటికే దొంగ చేతిలో ఉండి ఉండవచ్చు.

వేలిముద్ర వేసి డబ్బు తీసుకునే సభ్యులకు ఒక మాట. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేము. భూమి దస్తావేజుల మీది వేలిముద్రల నుంచి నకళ్ళు తయారుచేసి ఖాతాలు ఖాళీ చేసిన ముఠాలను పోలీసులు పట్టుకున్నారు. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో గాని, యాప్‌లో గాని బయోమెట్రిక్కుకు తాళం వేసుకునే వీలున్నది. డబ్బు తీసుకునే ముందు తెరిచి, తరువాత మూసుకోవచ్చు. చదువుకున్న పిల్లలచేత చేయించుకోండి, పక్కన కూర్చుని చూడండి. ఖాతా మీ పేరున ఉండి, ఫోను ఇంట్లో ఇంకొకరి చేతిలో ఉంటే, ఆ ఫోనుకు వచ్చే ప్రతి కబురూ మీకు చదివి వినిపించమని అడిగే హక్కు మీకున్నది. మన మహిళా సభ్యులు దీనిని గమనించాలి.

సంఘాలలో నేను తరచుగా చూసే లోపం మరొకటి. కార్యదర్శి మారినప్పుడు చార్జి పట్టికలో రొక్కం, పుస్తకాలు, క్యాన్లు, చివరకు కుర్చీలు కూడా రాస్తారు. బ్యాంకు ఖాతాకు ఇచ్చిన సెల్‌ఫోను నంబరు సంగతి ఎవరికీ తట్టదు. కార్యదర్శి వెళ్ళిపోయిన తరువాత కూడా సంఘం ఖాతా ఓ.టి.పి. ఆయన సొంత ఫోనుకే పోతుంటుంది. ఆయన ఎంత నిజాయితీపరుడైనా, ఆ ఫోను పోతే, ఆ నంబరు వదిలేసి ఇంకొకరికి వెళితే, జవాబు చెప్పేదెవరు? సంఘం పేరున ఒక సిమ్ము తీసుకుని, అదే నంబరు బ్యాంకులోను, సంఘం ఈమెయిలులోను ఇవ్వాలి. చార్జి మారిన రోజునే అన్ని పాస్‌వర్డులూ మార్చి, మార్చినట్టు పట్టికలో ఇద్దరూ సంతకాలు చేయాలి. ఈమెయిలుకు పాస్‌వర్డుతోపాటు రెండవ కాపలా, అంటే ఫోనుకు వచ్చే అంకెను కూడా అడిగే ఏర్పాటు, పెట్టుకోవాలి. మిగిలిన ఖాతాల పాస్‌వర్డులు మరచిపోయినప్పుడు కొత్తవి వచ్చేది ఆ ఈమెయిలుకే గనుక, అది సింహద్వారం వంటిది.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. అది ప్రభుత్వ సైబర్ నేరాల సహాయ కేంద్రం. దొంగ ఆ డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకొక ఖాతాకు తిప్పి బయటికి తీసేలోపల కబురు అందితే, మధ్యలో నిలుపుదల చేసే అవకాశం ఉంటుంది. అందుచేత గంటలు కాదు, నిమిషాలు లెక్క. సిగ్గుపడి మూడు రోజులు ఎవరికీ చెప్పని సభ్యులను నేను చూశాను. తరువాత బ్యాంకుకు చెప్పి ఖాతాను ఆపించి, ఫిర్యాదు నంబరు రాయించుకోవాలి. ఫోను చేసేటప్పుడు ఖాతా నంబరు, పోయిన మొత్తం, పోయిన సమయం, బ్యాంకు నుంచి వచ్చిన సందేశంలోని లావాదేవీ నంబరు దగ్గర ఉంచుకోండి. ఆ సందేశాన్ని చెరిపివేయవద్దు. పాల ధరల పట్టిక రాసిన బోర్డు మీద, అడుగున కాస్త ఖాళీ ప్రతి సంఘంలోనూ ఉంటుంది. అక్కడ 1930 అని పెద్ద అంకెలలో రాయించగలరు.